బాపు జ్ఞాపకాల పుస్తకం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా పూర్తి చేయాలి

మనిషి పోయిన ఇంట్లో పెద్దకర్మ అయ్యేదాకా ఎవరికీ ఊపిరి సలపదు. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, వంటలు, అయ్యగారు రాసిచ్చిన సామాన్ల లిస్టు. చౌరస్తాలో ఒక ఫ్లెక్సీ కట్టిస్తాం. దాని మీద ఫొటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ, కింద "స్నేహశీలి, మృదుస్వభావి, ఆదర్శమూర్తి" అని మూడు మాటలు. హనుమకొండ నుంచి కాజీపేట దాకా ఏ ఫ్లెక్సీ చూసినా అవే మూడు మాటలు ఉంటాయి. అవి అబద్ధాలు కావు. కానీ వాటిలో మా బాపు, అంటే మా నాన్న, కనిపించలేదు నాకు.

మా బాపు కాజీపేటలో రైలు ఇంజిన్లు బాగుచేసే డీజిల్ షెడ్‌లో ఫిట్టర్. డ్యూటీ దిగాక షాపులకు బోర్డులు రాసేవాడు. ఆదివారం పొద్దున బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాడు. మిగతా టైమంతా ఇల్లే. ఆయన సంవత్సరీకానికి మేం ఒక చిన్న పుస్తకం వేశాం, అదే రోజు పొద్దున గ్రౌండ్‌లో ఒక మ్యాచ్ పెట్టాం. అప్పటి నుంచి చుట్టాలు, బాపు దోస్తుల పిల్లలు "మీరు ఎట్ల చేసిన్రు, మాకూ చెప్పండి" అని ఫోన్ చేస్తున్నారు. వాళ్లకు చెప్పిందంతా ఒక్కచోట ఉంటే మేలని రాస్తున్నాను. చేతిలో ఏదో ఒక కళ ఉండి, ఆట మీద ప్రాణం పెట్టి, ఇంటిని పట్టుకుని బతికిన మనిషి మీ ఇంట్లో ఉండి ఉంటే మీకూ పనికొస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక నియమం పెట్టుకోండి. ఆయన గుణాలు రాయొద్దు, ఆయన చేసిన పనులు రాయండి. "క్రమశిక్షణ గల మనిషి" అని రాస్తే చదివినవాళ్లకు ఏమీ కనిపించదు. "మార్నింగ్ షిఫ్టు ఉన్న రోజు నాలుగున్నరకు లేచి, సైకిల్ చైన్‌కు రెండు చుక్కల నూనె వేసి, ఎవరినీ లేపకుండా చెప్పులు చేత పట్టుకుని గడప దాటేవాడు" అని రాస్తే మనిషి కనిపిస్తాడు. ఇక్కడ చెప్పే మిగతా విషయాలన్నీ ఈ ఒక్క నియమం కోసమే.

ముందు మనుషుల దగ్గరికి

బీరువా తెరవకండి. ఫొటోలు ఎక్కడికీ పోవు. ముందు ముసలివాళ్ల దగ్గరికి వెళ్లండి. బాపు కంటే పెద్దవాళ్లు, ఆయన ఈడువాళ్లు ఎవరెవరు ఉన్నారో ఒక కాగితం మీద రాసి, ఆరోగ్యం బాగాలేనివాళ్ల పేర్లు పైన పెట్టుకోండి. మా లిస్టులో మొదట మేనత్త, తర్వాత చిన్నబాపు, ఆ తర్వాత షెడ్‌లో పక్క బెంచీ మీద పనిచేసిన కాక, ఆయనతో కలిసి ఆడిన ఇద్దరు. ఆఖరున అమ్మ. అమ్మను ఆఖరున ఎందుకు పెట్టానో తర్వాత చెబుతాను.

రికార్డింగ్‌కు ఫోన్ చాలు. కానీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే సరిగ్గా మంచి మాట దగ్గర కాల్ వస్తుంది. ఫ్యాన్, కూలర్ ఆపండి. ఎండాకాలం అయితే పొద్దున్నే వెళ్లండి. ఫోన్‌ను మాట్లాడే మనిషికి మూరెడు దూరంలో, గట్టి బల్ల మీద కాకుండా మడిచిన తువ్వాల మీద పెట్టండి. మొదట్లోనే తేదీ, ఊరు, ఎవరు మాట్లాడుతున్నారో మీ నోటితో చెప్పండి. ఇంటికి రాగానే ఫైల్‌కు పేరు మార్చండి. "రికార్డింగ్ 14" అని వదిలేస్తే ఆరు నెలల తర్వాత అది ఎవరి గొంతో వెతుక్కోవాలి.

అడిగే తీరు ముఖ్యం. "బాపు గురించి చెప్పండి కాకా" అంటే "మంచోడు బిడ్డా, అసొంటి మనిషి మళ్ల రాడు" అంటారు, కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి, మాట అక్కడే ఆగిపోతుంది. చిన్నగా, పట్టుకోవడానికి వీలుగా ఉన్నదే అడగండి. షెడ్‌లో ఆయన లాకర్‌లో ఏముండేది? మ్యాచ్ ఓడిపోతే తిరుగు రైల్లో ఏం మాట్లాడేవాడు? కోపం వస్తే ఎవరిని తిట్టేవాడు, ఏమని తిట్టేవాడు? జీతం రోజు ఇంటికి ఏం తెచ్చేవాడు? షెడ్ కాక దగ్గర నేను లాకర్ గురించే అడిగాను. "నూనె గుడ్డలు, సబ్బు ముక్క, ఒక చిన్న డబ్బాల నాలుగు బ్రష్‌లు. ఇంజిన్ నంబర్ చెరిగిపోతే ఫోర్‌మన్ మీ బాపునే పిలిచేటోడు" అన్నాడు. ఇంజిన్ల మీద కూడా ఆయన రాశాడని ఇంట్లో ఎవరికీ తెలియదు.

వెళ్లేటప్పుడు ఏదో ఒక వస్తువు పట్టుకెళ్లండి. మేం ఆయన పాత రాకెట్ తీసుకెళ్లాం. తోటి ఆటగాడు దాన్ని చేతిలోకి తీసుకుని, పట్టు దగ్గర చుట్టిన గుడ్డను తడిమి, అడగకుండానే మాటలు మొదలుపెట్టాడు. కలిసి ఆడినవాళ్లనైతే ఇద్దరిని ఒకేసారి కూర్చోబెట్టవచ్చు. ఒకరు చెప్పింది ఇంకొకరు "గట్ల కాదు" అని సరిదిద్దుతారు, ఆ వాదనలోనే అసలు సంగతులు వస్తాయి. అన్నదమ్ములను మాత్రం విడివిడిగా కలవండి.

ఏ ఏడాది జరిగిందో పట్టుకోవడం

మన పెద్దవాళ్లకు సంవత్సరాలు అంకెల్లో గుర్తుండవు. వాళ్లు చెప్పే గుర్తులను మనం అంకెల్లోకి మార్చుకోవాలి. "జాతర అయిన ఏడు" అన్నారంటే మేడారం సమ్మక్క సారలమ్మ జాతర. అది రెండేళ్లకోసారి, సరి సంఖ్య ఏడాదుల్లో వస్తుంది, 1996, 1998, 2000 అలా. "పుష్కరాలకు కాళేశ్వరం పోయొచ్చినంక" అంటే గోదావరి పుష్కరాలు, అంటే 1979, 1991, 2003, 2015ల్లో ఒకటి. మాట్లాడే మనిషి అప్పటికి పెళ్లయి ఉన్నారా, పిల్లలున్నారా అని అడిగితే ఏ పుష్కరమో తేలిపోతుంది. "69 లొల్లి అప్పుడు" అంటే 1969 తెలంగాణ ఉద్యమం. ఢిల్లీ ఏషియాడ్ అంటే 1982. ఇలాంటి నాలుగైదు గుర్తులను ఇంట్లో పుట్టినరోజులతో, పెళ్లి తేదీలతో జోడిస్తే చాలా వరకు కుదురుతుంది. "ఆర్‌ఈసీ" (వరంగల్ రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ) అన్న పేరు మీద మాత్రం ఆధారపడకండి. 2002లోనే అది ఎన్‌ఐటీ అయినా మా దగ్గర పెద్దవాళ్లు ఇప్పటికీ ఆర్‌ఈసీ అనే అంటారు.

పుట్టిన తేదీ ఒక చిక్కు. బడిలో చేర్చేటప్పుడు సారు వేసిన తేదీ ఒకటి, ఇంట్లో చెప్పేది ఇంకొకటి ఉంటుంది. సర్వీసు కాగితాల్లో మొదటిదే ఉంటుంది. రెండూ రాయండి. మేనత్త "దసరా ఎల్లిన మూడో నాడు" అంటే ఆ మాటను ఉన్నదున్నట్టు పెట్టండి. సర్టిఫికెట్ మీద "వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్" అని ఉంటే దాన్ని ఇప్పటి హనుమకొండ జిల్లా అని దిద్దకండి. కాగితం మీద ఉన్నది కాగితం మీద ఉన్నట్టే ఉండాలి, కావాలంటే పక్కన ఒక ముక్క రాయండి.

చేతిపనిని దగ్గరగా చూడండి

ఈ భాగానికి ఎక్కువ సమయం ఇవ్వండి. బొమ్మలు వేసేవాళ్లు, బోర్డులు రాసేవాళ్లు, కుట్టుపని చేసేవాళ్లు, వాయించేవాళ్లు తమ గురించి మాటల్లో ఎక్కువ చెప్పుకోరు. వాళ్ల పద్ధతి వాళ్ల పనిలో ఉంటుంది. ఆ పద్ధతిని మొదటి అడుగు నుంచి ఆఖరి అడుగు దాకా వరసగా రాయండి.

మా బాపు గోడ మీద బోర్డు రాసే తీరు ఇది. నూలుదారానికి సుద్దపొడి పట్టించి, ఒక కొస మేకుకు కట్టి, ఇంకో కొస మా తమ్ముడితో పట్టించేవాడు. దారాన్ని మధ్యలో లాగి వదిలితే గోడ మీద సన్నటి తెల్లగీత పడేది. పైన ఒకటి, కింద ఒకటి. ఆ రెండు గీతల మధ్య ముందు పెన్సిల్‌తో అక్షరాలన్నీ కొలుచుకునేవాడు. గుడ్డ చుట్టిన కర్రను ఎడమ చేత్తో గోడకు ఆనించి, దాని మీద కుడి మణికట్టు పెట్టి రంగు వేసేవాడు. మొదట అక్షరాల గుండ్రటి ఒళ్లు. తర్వాత వత్తులు, గుడులు, కొమ్ములు. తలకట్లు మాత్రం ఒక్కటి కూడా పెట్టేవాడు కాదు. అన్నీ అయ్యాక బ్రష్‌ను టర్పెంటైన్‌లో కడిగి, కొత్తగా రంగు ముంచి, ఎడమ నుంచి కుడికి తలకట్లన్నీ ఒక్క ఊపులో పెట్టుకుంటూ పోయేవాడు. అందుకే ఆయన బోర్డుల్లో తలకట్లన్నీ ఒకే వాలులో, ఒకే మందంలో ఉంటాయి. ఆయన ఎక్కడా కింద పేరు రాసుకోలేదు. ఈ తలకట్లు చూసే మేం ఆయన బోర్డులను గుర్తుపట్టాం.

వెతకాల్సిన చోటు ఒకటి చెబుతాను. ఫ్లెక్సీలు వచ్చాక షాపులవాళ్లు పాత రేకు బోర్డులను పారేయలేదు, చాలా చోట్ల వాటి మీదే ఫ్లెక్సీ బిగించారు. షాపు ఆయన్ని మర్యాదగా అడిగితే ఫ్లెక్సీ ఒక అంచు లేపి చూపిస్తారు. మా బాపు పేరు చెప్పగానే ఒక కిరాణ షాపు పెద్దమనిషి స్టూలు వేసుకుని తనే పైకెక్కాడు. ఫొటో తీసేటప్పుడు ముందు షాపు మొత్తం వచ్చేలా ఒకటి, బోర్డుకు ఎదురుగా నిలబడి ఒకటి, ఒక్క అక్షరం దగ్గరగా ఒకటి తీయండి. పొద్దున ఎండ ఏటవాలుగా పడే టైమ్‌లో బ్రష్ గీతలు బాగా తెలుస్తాయి. మురికిగా ఉందని థిన్నర్‌తోనో, తడిగుడ్డతోనో తుడవకండి, పాత ఎనామిల్ పెచ్చులు లేస్తుంది. పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు.

మీ ఇంటి పని వేరే అయినా పద్ధతి ఇదే. చెరియాల నకాశీ బొమ్మలు వేసిన ఇల్లయితే గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద ఎలా పట్టించేవారో అక్కడి నుంచి మొదలుపెట్టండి. వరంగల్ కొత్తవాడలో దరీలు (నూలు తివాచీలు) నేసిన మనిషైతే మగ్గం ముందు ఆయన కూర్చునే చోటు నుంచి. పెంబర్తి ఇత్తడి పని అయితే సుత్తులన్నీ వరసగా పేర్చి, ఏది దేనికి వాడేవాడో చెప్పించండి. పనిముట్లను కడిగి మెరిపించి ఫొటో తీయకండి. ఆయన చేయి ఆనిన చోట అరిగిపోయి ఉంటుంది, అది కనిపించాలి.

ఆటను ఆట తెలియనివాళ్లకు చెప్పడం

మనవళ్లకు క్రికెట్ తెలుసు, ప్రో కబడ్డీ తెలుసు. బాల్ బ్యాడ్మింటన్ ఎక్కువమందికి తెలియదు. అందుకని పుస్తకంలో ఒక పేజీ ఆటకే ఇవ్వండి. జట్టుకు ఐదుగురు. ఈకల కాక్ ఉండదు, పసుపుపచ్చ ఉన్ని బంతి ఉంటుంది. మట్టి కోర్టు, బయట గాలిలో ఆట, కాబట్టి గాలి లేవకముందే పొద్దున్నే ఆడతారు. మా బాపు కాలంలో గేమ్ 29 పాయింట్లకు ఉండేది. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే "29-27తో మూడో గేమ్ గెలిచినం" అన్న మాటలో ఎంత టెన్షన్ ఉందో చదివేవాళ్లకు అర్థమవుతుంది.

వాలీబాల్ ఆడినవాళ్ల ఇళ్లల్లో పాత స్కోర్లు చూసి పిల్లలు అయోమయపడతారు. 15-9, 15-13 అని ఉంటాయి. అప్పట్లో సర్వీస్ చేస్తున్న జట్టుకే పాయింట్ వచ్చేది, సెట్ 15కు ముగిసేది. 1990ల చివర్లో రూల్ మారి, ప్రతి ర్యాలీకి పాయింట్, 25 పాయింట్ల సెట్ వచ్చాయి. కాబట్టి పాత సర్టిఫికెట్ వెనక స్కోరు రాసి ఉంటే అది ఏ కాలపు మ్యాచో అందులోనే తెలిసిపోతుంది.

కప్పుల లిస్టు రాయడం తేలిక, చదవడం కష్టం. కప్పులన్నీ కలిపి ఒక ఫొటో తీసి పెట్టేయండి. రాయాల్సింది ఆయన కోర్టులో ఎక్కడ నిలబడేవాడో, ఏ దెబ్బకు పేరుపడ్డాడో, దేనికి దొరికిపోయేవాడో. మా బాపు వెనక వరసలో ఎడమవైపు. ఎదుటివాళ్లు బలంగా కొట్టిన బంతిని నేలకు జానెడు ఎత్తులో తీసుకుని నెమ్మదిగా నెట్ ముందు పడేసేవాడట. తోటి ఆటగాళ్లు ఇద్దరూ ఆ దెబ్బను కూర్చున్నచోటే చేతులతో ఆడి చూపించారు. ఆ వీడియో మా దగ్గర ఉన్నవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టం. మీరూ అడగండి, "ఎట్ల కొట్టేటోడో చూపియ్యండి" అని. ముసలివాళ్ల ఒంటికి ఆ కదలిక ఇంకా గుర్తుంటుంది.

జట్టు ఫొటో దొరికితే వెంటనే జిరాక్స్ తీయించి, ఎడమ నుంచి కుడికి పేర్లు దాని మీదే రాయించండి. ఆ పేర్లు చెప్పగలిగినవాళ్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు.

ఇల్లు, అమ్మ

అమ్మతో మాట్లాడడం ఆఖరున పెట్టుకోమన్నాను. అప్పటికి మీ చేతిలో పదిమంది చెప్పిన సంగతులు ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే అమ్మ ముందు పెడితే, ఏది నిజమో, ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో ఆమె చెబుతుంది. ఒక్కసారికి అరగంట మించి కూర్చోబెట్టకండి. కూరగాయలు కోస్తూ, బియ్యం చెరుగుతూ మాట్లాడనివ్వండి. చేతులు పనిలో ఉంటే మాట తేలికగా వస్తుంది.

ఆమె చెప్పేవన్నీ పొగడ్తలు కావు. మా అమ్మ మొదటి మాటే "ఆట ఉన్న ఐతారం నాడు ఆయన మా ఇంటి మనిషి కాదు" అంది. నీళ్లు రాని ఎండాకాలాల్లో బోరింగ్ దగ్గర బిందెలు మోసింది ఆమె. టోర్నమెంట్‌కు సికింద్రాబాద్ పోయిన వారంలో నాకు జ్వరం వస్తే రిక్షాలో దవాఖానకు తీసుకుపోయింది ఆమె. ఇవి పుస్తకంలో ఉండాలి. ఆదివారాలు ఆయన ఆడగలిగాడంటే ఆ ఆదివారాలను ఎవరో మోశారు కదా. మేం అమ్మ మాటలను ఆమె యాసలోనే, ఒక్క అక్షరం మార్చకుండా పెట్టి, అచ్చుకు పోయే ముందు ఆమెకు చదివి వినిపించాం. ఒకచోట ఆపి "రాత్రి బండికి వచ్చి పొద్దుందాక నీ తలకాడ కూసున్నడు, గది గూడ రాయి" అంది.

మంచి తండ్రి అని చెప్పడానికి పెద్ద సంఘటనలు వెతకకండి. ఏటా తిరిగి వచ్చే చిన్న పని ఒకటి పట్టుకోండి. మా ఇంట్లో అది జూన్ నెల. బడులు తెరిచే ముందు రోజు రాత్రి నోటుబుక్కులకు ఖాకీ అట్టలు వేసి, లేబుళ్ల మీద పేర్లు రాసేవాడు. మా ముగ్గురివే కాదు, క్వార్టర్స్‌లో ఉన్న పిల్లలందరూ బుక్కులు పట్టుకుని వరసలో కూర్చునేవాళ్లు. ఒక్కొక్కరి పేరు ఒక్కో తీరు అక్షరాల్లో. "నీకు పెద్దయినంక ఏం కావాలనుంది" అని అడిగి, పోలీస్ అంటే నిటారుగా, డ్యాన్స్ అంటే ఒంపులతో రాసేవాడు. పుస్తకం కోసం అడిగితే ఇద్దరు ఆ లేబుళ్లను ఇప్పటికీ దాచుకున్నామని ఫొటోలు పంపారు.

రాయకూడనివి కూడా ఉంటాయి. బతికి ఉన్నవాళ్ల మధ్య పంపకాల గొడవలు, ఎవరెవరు అప్పు ఎగ్గొట్టారన్నది, ఆఖరి రోజుల్లో ఆస్పత్రి సంగతులు. పుస్తకం చూడడానికి వచ్చే మనవడు వాటిని చదవాల్సిన పని లేదు. జబ్బు గురించి ఒక వాక్యం చాలు. ఇంట్లో ఎవరికైనా ఒక సంగతి నచ్చకపోతే దాన్ని తీసేయండి, వాదన పెట్టుకోకండి.

ఫొటోలు, కాగితాలు, క్యాసెట్లు

చిన్న పాత ఫొటోలను స్కాన్ చేయించేటప్పుడు 600 డీపీఐ అని గట్టిగా చెప్పండి. ఫోన్‌తో ఫొటోకు ఫొటో తీసినది పుస్తకంలో మసకగా వస్తుంది. వెనకవైపు కూడా స్కాన్ చేయించండి, స్టూడియో ముద్ర, తేదీ అక్కడే ఉంటాయి. మీరు వెనక ఏదైనా రాయాలంటే మెత్తటి పెన్సిల్ వాడండి, పెన్ను వద్దు. పాత ఆల్బమ్ జిగురు పేజీకి అతుక్కున్న ఫొటోను గోరుతో పీకకండి, పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్నదారాన్ని కింద నుంచి నెమ్మదిగా రంపంలా లాగితే వస్తుంది. ఫ్రేము అద్దానికి అతుక్కుంటే విప్పకుండా అద్దంతోనే స్కాన్ చేయించండి. వాట్సాప్‌లో ఫొటోలు తెప్పించుకునేటప్పుడు "డాక్యుమెంట్‌గా పంపండి" అనాలి, మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది.

2020 ఆగస్టు వానలకు, మళ్లీ 2023 జులై వానలకు హనుమకొండ, వరంగల్ కాలనీల్లో ఎంతోమంది ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి. మీ ఫొటోలు తడిసి ఒకదానికొకటి అతుక్కుని ఉంటే పొడిగా ఉన్నప్పుడు విడదీయకండి. శుభ్రమైన చల్లటి నీళ్లలో కాసేపు నానబెడితే చాలావరకు వాటంతటవే విడిపోతాయి. బొమ్మ పైకి ఉండేలా పరిచి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే ముడుచుకుపోతాయి. మరీ విలువైనదైతే ముందు తెలిసిన స్టూడియో వాళ్లకు చూపించండి.

క్యాసెట్లో ఆయన గొంతు ఉంటే వెనక అంచున ఉన్న రెండు ప్లాస్టిక్ పలుకులను ముందు విరగ్గొట్టండి, దాని మీద మళ్లీ రికార్డు పడదు. ప్లే చేసే ముందు ఆ కొస నుంచి ఈ కొసకు ఒకసారి పూర్తిగా తిప్పండి. లోపల తెల్లగా బూజు కనిపిస్తే ప్లేయర్‌లో అసలు పెట్టకండి. ఫైళ్లన్నీ మూడుచోట్ల ఉండాలి, వాటిలో ఒకటి వేరే ఊళ్లో.

రాయడం, అచ్చు వేయించడం

పుట్టుక నుంచి చావు దాకా వరసగా రాయడం మొదలుపెడితే చదువు, ఉద్యోగం, పెళ్లి దగ్గరే పేజీలు అయిపోతాయి. తేదీలన్నీ ఒక్క పేజీలో పట్టికగా ఇచ్చి, మిగతా పేజీల్లో ఒక్కోదానికి ఒక్క పని తీసుకోండి. బోర్డు రాయడం ఒక పేజీ, రాకెట్‌కు గట్టింగ్ (తీగల అల్లిక) చేసుకోవడం ఒక పేజీ, జూన్ రాత్రి ఒక పేజీ, పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ఎంత సన్నగా కోయాలో ఆయన పట్టుబట్టిన సంగతి ఒక పేజీ. ఎవరు చెప్పారో ప్రతి దాని కింద పేరు వేయండి. మాట్లాడినవాళ్ల యాసను దిద్దకండి. "వచ్చిండు" అన్నది "వచ్చాడు" చేస్తే ఆ గొంతు పోతుంది.

ప్రెస్‌వాళ్ల దగ్గర ఒక సాంకేతిక చిక్కు ఉంది. మనం ఫోన్‌లో, కంప్యూటర్‌లో టైప్ చేసేది యూనికోడ్. చాలా ప్రెస్సులు ఇంకా అను అనే పాత పద్ధతి ఫాంట్లతో పనిచేస్తాయి, మన టైపింగ్‌ను వాటిలోకి మార్చుకోవాలి. మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి, క్ష, జ్ఞ, ర వత్తు ఉన్న అక్షరాలు తారుమారవుతాయి. కాబట్టి వీలైతే యూనికోడ్‌లోనే పేజీలు కట్టి పీడీఎఫ్ ఇవ్వండి. మండలి, సురవరం లాంటి మంచి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ప్రెస్‌వాళ్లే టైప్ చేస్తే ప్రూఫ్ ఇద్దరు చూడాలి, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు కాగితం మీద వేలు పెట్టి వెంబడించాలి. పేర్లను విడిగా మరోసారి చూడండి. పుస్తకంలో తన పేరు తప్పు పడితే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

మామూలు నోటుబుక్కు కంటే కాస్త చిన్నగా ఉండే డెమీ 1/8 సైజు ఇలాంటి పుస్తకానికి సరిపోతుంది. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించేలా ఉండాలి, 36, 40, 44 అలా. లోపల 80 జీఎస్‌ఎం (కాగితం బరువును చెప్పే అంకె) మ్యాప్‌లిథో అనే మామూలు తెల్ల కాగితం, ఫొటోల పేజీలకు మాత్రం ఆర్ట్ పేపర్ అడగండి. అట్ట మీద ఆయన ముఖమే ఉండాలని లేదు. మేం ఒక కిరాణ షాపు బోర్డులోని ఒక్క అక్షరాన్ని పెద్దది చేసి వేశాం. పెళ్లిళ్ల సీజన్‌లో ప్రెస్‌కు వెళ్లకండి, శుభలేఖల మధ్య మన పని వెనకబడిపోతుంది.

ఆ రోజు మ్యాచ్

సంవత్సరీకం పూజ ఉంటుంది కాబట్టి మ్యాచ్‌ను పొద్దున్నే ముగించాలి. టోర్నమెంట్ పెట్టకండి. టెంటు, మైకు, ముఖ్య అతిథులు, శాలువాలు మొదలయ్యాక ఆట వెనక్కి పోతుంది. పాత జట్టులో కాళ్లు కదిలేవాళ్లు ఇద్దరు ముగ్గురు, మిగతా మనవళ్లు, మనవరాళ్లు. ఒక్క గేమ్ చాలు. ముసలివాళ్లకు నీడలో కుర్చీలు, మంచినీళ్లు, తెలిసిన డాక్టర్ ఒకరు ఉండేలా చూసుకోండి. ఉన్ని బంతులు అన్ని స్పోర్ట్స్ షాపుల్లో దొరకవు, ముందుగా చెప్పి తెప్పించుకోండి. మైకులో ప్రసంగాల బదులు పాత ఆటగాడు ఒకరు గేమ్ మధ్యలో ఆపి, ఆయన ఆ బంతిని ఎలా తీసుకునేవాడో పిల్లలకు చూపిస్తే చాలు. ఆ రోజు బాపు మనవరాళ్లలో ఒకమ్మాయి ఆ దెబ్బను అచ్చం అలాగే కొట్టింది, కుర్చీల్లో ఉన్న పెద్దవాళ్లందరూ లేచి నిలబడ్డారు.

పంచడం, తర్వాత చేయాల్సింది

కాపీలు ముందు మాట్లాడిన ప్రతి మనిషికీ వెళ్లాలి, తర్వాతే చుట్టాలకు. షాపు బోర్డు చూపించినవాళ్లకు మీరే వెళ్లి ఇవ్వండి. ఊళ్లో గ్రంథాలయానికి రెండు ఇవ్వండి. మా హనుమకొండలో 1904 నాటి రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉంది. షెడ్‌లో పనిచేసిన ఒక ఫిట్టర్ జీవితం కూడా ఈ ఊరి చరిత్రే కాబట్టి అలాంటి చోట ఉండడం న్యాయం. పీడీఎఫ్ అందరికీ పంపండి.

పుస్తకం చివర నాలుగు ఖాళీ పేజీలు వదిలి, పైన "మీకు తెలిసింది రాయండి" అని వేయించండి. రాస్తారు. పుస్తకం చూశాకే చాలామందికి గుర్తొస్తుంది. పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు పెద్దలకు బియ్యం ఇవ్వడానికి అందరూ ఎట్లాగూ ఒకచోట చేరతారు, ఆ రోజు తమ తమ కాపీలు తెమ్మని ముందే ఫోన్ చేసి చెప్పండి. నిండిన పేజీలను ఫొటోలు తీసుకుని రెండో ముద్రణ ఫైల్‌లో కలపండి. మధ్యాహ్నం భోజనాలు కాగానే ఆ పని చూసుకోవాలి. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మకు పూలు పేర్చడం మొదలైతే ఎవరూ చేతికి దొరకరు.